ఆయుర్దాయంపై జన్యువుల ప్రభావం: ఉద్దానం మూత్రపిండవ్యాధి ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

మనిషి ఎంతకాలం జీవిస్తాడు, ఎప్పుడు వార్ధక్యంలో అడుగుపెడతాడు అనే విషయాల్లో జన్యువుల పాత్ర ఎంత అన్నది జీవశాస్త్రంలో పాతప్రశ్న. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఆ ప్రశ్నకు సామాజిక ప్రాధాన్యం కూడా ఉంది. మధుమేహం, అధిక రక్తపోటు వంటి సాధారణ కారణాలు కనిపించకుండానే అక్కడ వేలాదిమంది మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వ్యాధి కనిపించడంతో అది వంశపారంపర్యమనే అభిప్రాయం కొందరిలో ఏర్పడింది. వార్ధక్య జన్యుశాస్త్రం ఇప్పటివరకు తేల్చిన అంశాలను వివరించి, వాటి వెలుగులో ఆ అభిప్రాయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ‘ఒక ఊరిలో ఎవరికి వ్యాధి వస్తుంది?’ అన్న ప్రశ్నా, ‘ఆ ఊరికే వ్యాధి ఎందుకు వచ్చింది?’ అన్న ప్రశ్నా వేర్వేరని, మొదటిదానికి జన్యువులు కొంత సమాధానం చెప్పగలిగినా రెండవదానికి చెప్పలేవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉద్దానం, వార్ధక్యం, ఆయుర్దాయం, అనువంశికత, మూత్రపిండవ్యాధి, క్లోతో జన్యువు, మేనరికం, పరిసరాలు.

1. ఉపోద్ఘాతం:

శ్రీకాకుళం జిల్లా ఉత్తరభాగంలో, తూర్పు కనుమలకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న సన్నని తీరభూమి ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఇది విస్తరించి ఉంది. ‘ఉద్యానవనం’ అన్న మాటే ఉద్దానమయిందని స్థానికులు చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఈ ప్రాంతానికి ఆ పేరును సార్థకం చేశాయి. పలాస-కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారానికి దేశవ్యాప్తంగా గుర్తింపు ఉంది.

గత మూడు దశాబ్దాలుగా ఈ ప్రాంతం మరొక కారణంతో వార్తల్లో నిలుస్తోంది. ముప్పై, నలభై ఏళ్ల వయస్సులోనే రైతులు, కూలీలు దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి బారిన పడుతున్నారు. డయాలసిస్ అవసరమైనవారు సోంపేట, పలాస, టెక్కలి ఆసుపత్రులకు వారంలో రెండు మూడుసార్లు ప్రయాణం చేయవలసి వస్తోంది. ఒక్కొక్క ఇంట్లో తండ్రి తరువాత కొడుకు, అన్న తరువాత తమ్ముడు ఇదే వ్యాధితో మంచాన పడిన సందర్భాలున్నాయి. అందువల్ల ‘ఇది నీటిలో ఉందా, రక్తంలో ఉందా?’ అన్న సందేహం సహజంగానే తలెత్తింది. ఉద్దానం గ్రామాలకు పిల్లనివ్వడానికి బయటివారు వెనుకాడుతున్నారని పత్రికలు రాశాయి. జన్యుశాస్త్రపరంగా ఈ సందేహానికి ఎంత ఆధారం ఉందో తెలియాలంటే, ముందుగా ఆయుర్దాయానికీ జన్యువులకూ ఉన్న సంబంధాన్ని గ్రహించాలి.

2. వార్ధక్యం - జన్యుశాస్త్ర దృక్పథం:

2.1. వార్ధక్యం ఎందుకు?

ప్రకృతివరణం బలమైన జీవులను నిలుపుతుందన్నది పరిణామ సిద్ధాంతసారం. అటువంటప్పుడు జీవిని కుంగదీసే వార్ధక్యం ఎందుకు మిగిలింది? 1952లో పీటర్ మెదవార్ ఈ ప్రశ్నకు ఒక సమాధానం సూచించాడు. సంతానాన్ని కన్న తరువాతి వయస్సులో హానిచేసే జన్యుమార్పులను ప్రకృతివరణం సమర్థంగా తొలగించలేదు. ఎందుకంటే ఆ హాని బయటపడేనాటికే ఆ మార్పు తరువాతి తరానికి చేరిపోయి ఉంటుంది. 1957లో జార్జ్ విలియమ్స్ ఈ ఆలోచనను మరికొంత ముందుకు తీసుకువెళ్లాడు. యౌవనంలో మేలుచేసే జన్యువే ముదిమిలో కీడు చేయవచ్చునని, మొదటి మేలు కారణంగానే అటువంటి జన్యువు జనాభాలో నిలిచిపోతుందని ఆయన ప్రతిపాదించాడు. ఈ దృష్టితో చూస్తే వార్ధక్యం కోసం ప్రత్యేకంగా రచించిన జన్యుప్రణాళిక ఏదీ లేదు. వేరొక ప్రయోజనం కోసం నిలిచిన జన్యువుల ఆలస్యఫలితమే వార్ధక్యం.

2.2. ఆయుర్దాయాన్ని ప్రభావితం చేసే జన్యువులు:

ఒక్క జన్యువు మార్పుతో ఆయుర్దాయం పెరగగలదని ప్రయోగశాలలో నిరూపించిన జీవి నేలలో బ్రతికే అతిచిన్న నులిపురుగు. 1993లో సింథియా కెన్యన్ బృందం డాఫ్-2 అనే జన్యువులో మార్పు వచ్చిన పురుగులు సాధారణ పురుగులకంటే రెండింతలు జీవించాయని ప్రకటించింది. ఇన్సులిన్ సంకేతవ్యవస్థకు చెందిన జన్యువు అది. మనుషుల్లో ఇదే వ్యవస్థకు చెందిన ఫాక్సో-3 జన్యువులోని ఒక రూపాంతరానికీ దీర్ఘాయువుకూ సంబంధం ఉందని 2008లో హవాయి ద్వీపాల్లోని జపాన్ సంతతి పురుషులపై జరిగిన అధ్యయనం తెలిపింది. మరోవైపు అపో-ఇ జన్యువులోని ఇ-4 రూపాంతరం ఉన్నవారికి అల్జీమర్స్ వ్యాధి, గుండెజబ్బుల ముప్పు ఎక్కువ. అందువల్ల శతాధిక వృద్ధుల్లో ఆ రూపాంతరం తక్కువగా కనిపిస్తుంది.

అయితే నులిపురుగులో కనిపించినంత ప్రభావం మనిషిలో ఏ ఒక్క జన్యువుకూ లేదు. మనిషి ఆయుర్దాయంపై వందలాది జన్యువులు ఒక్కొక్కటి కొద్దికొద్దిగా పనిచేస్తాయి. వాటి ప్రభావం ఆహారం, శ్రమ, అంటువ్యాధులు, వైద్యసదుపాయం వంటి పరిస్థితుల మీద కూడా ఆధారపడుతుంది.

3. అనువంశికత అనే కొలత - దాని పరిమితులు:

3.1. కవలలు, వంశవృక్షాలు:

జన్యువుల మొత్తం ప్రభావాన్ని అంచనా వేయడానికి శాస్త్రజ్ఞులు కవలలను పోల్చుతారు. 1870-1900 మధ్య జన్మించిన 2,872 డేనిష్ కవలజంటల ఆధారంగా 1996లో వెలువడిన అధ్యయనం, మరణవయస్సుల్లోని వ్యత్యాసంలో పురుషుల్లో సుమారు 26 శాతం, స్త్రీలలో సుమారు 23 శాతం జన్యుపరమైనదని లెక్కించింది. 2018లో 40 కోట్లకు పైగా మనుషుల వంశవృక్షాలను పరిశీలించిన మరొక అధ్యయనం ఈ వాటా 10 శాతంకంటే తక్కువని తేల్చింది. సమాన స్థితిగతులున్నవారు పరస్పరం పెళ్లాడటంవల్ల పాతలెక్కలు పెరిగి కనిపించాయని అది వివరించింది. ఇందుకు భిన్నంగా, ప్రమాదాలు, అంటువ్యాధులు వంటి బాహ్యకారణాల మరణాలను లెక్కనుండి తొలగిస్తే జన్యువుల వాటా సుమారు 50 శాతానికి చేరుతుందని ఇటీవల ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు ప్రతిపాదించారు.

10 శాతం, 25 శాతం, 50 శాతం అన్న ఈ అంచనాలు పరస్పర విరుద్ధంగా తోచవచ్చు. నిజానికి అనువంశికత అంటే మనిషిలోని జన్యువుల శక్తికి కొలత కాదు. ఒక నిర్దిష్ట జనాభాలో, ఒక నిర్దిష్ట కాలంలో, మనుషుల మధ్య కనిపించే తేడాల్లో ఎంతభాగం జన్యుభేదాలవల్ల వచ్చిందో చెప్పే నిష్పత్తి మాత్రమే అది. పరిస్థితులు మారితే, జన్యువులు మారకపోయినా, ఆ నిష్పత్తి మారుతుంది.

3.2. ఒకే మడి, ఒకే విత్తనం:

ఈ విషయాన్ని వరిసాగు ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒకే రకం శుద్ధవిత్తనాన్ని ఎరువు, నీరు హెచ్చుతగ్గులుగా ఉన్న రెండు మళ్లలో చల్లితే పంటలో కనిపించే తేడా అంతా నేలదే. పలురకాల విత్తనాలను కలిపి ఒకే సమానమైన మడిలో చల్లితే తేడా అంతా విత్తనానిదే. రెండవ మడిని చూసి ‘పంట విత్తనం మీదే ఆధారపడుతుంది, నేలతో పనిలేదు’ అని ఎవరైనా అంటే అది తప్పు. ఆ మడిలో చౌడు పెరిగితే అన్ని రకాల దిగుబడీ పడిపోతుంది. అప్పటికీ ఆ మడి లోపల తేడాలు విత్తనానివిగానే కనిపిస్తాయి.

బ్రిటిష్ వైద్యశాస్త్రజ్ఞుడు జెఫ్రీ రోజ్ 1985లో ఇదే సూత్రాన్ని ప్రజారోగ్యానికి అన్వయించాడు. దేశంలో ప్రతి ఒక్కరూ రోజుకు ఇరవై సిగరెట్లు కాల్చేవారైతే, ఊపిరితిత్తుల క్యాన్సర్ జన్యుసంబంధమైన వ్యాధి అని అధ్యయనాలన్నీ తేల్చేవని ఆయన వాదించాడు. కారణం అందరికీ సమానమైనప్పుడు అది లెక్కలో కనిపించదు. వ్యక్తుల మధ్య సహజంగా ఉన్న భేదమే కనిపిస్తుంది. ఒకే భూగర్భజలం తాగుతూ, ఒకే ఎండలో పనిచేసే ఉద్దానం గ్రామాలకు ఈ హెచ్చరిక పూర్తిగా వర్తిస్తుంది.

4. మూత్రపిండం - వార్ధక్యం:

4.1. పుట్టుకతో వచ్చే మూలధనం:

శరీరంలో వయస్సు ప్రభావం స్పష్టంగా కొలవగలిగిన అవయవాల్లో మూత్రపిండం ఒకటి. ఒక్కొక్క మూత్రపిండంలో సగటున పదిలక్షల వడపోత యూనిట్లు ఉంటాయి. వీటిని నెఫ్రాన్లు అంటారు. ఈ సంఖ్య అందరిలోనూ ఒకటి కాదు. కొందరిలో రెండు మూడు లక్షలే ఉంటే, మరికొందరిలో ఇరవై లక్షలు దాటుతుంది. గర్భస్థశిశువు ముప్పై ఆరు వారాల వయస్సుకు వచ్చాక కొత్త నెఫ్రాన్లు ఏర్పడవు. నలభై ఏళ్లు దాటిన ఆరోగ్యవంతుల్లో కూడా వడపోత రేటు సగటున ఏడాదికి ఒక మిల్లీలీటరుకు అటూఇటూగా తగ్గుతూ వస్తుంది. యౌవనంలో నిమిషానికి వందకు పైగా ఉండే ఈ రేటు అరవైకి దిగువన మూడునెలలకు మించి కొనసాగితే దానిని దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధిగా పరిగణిస్తారు.

తల్లి పోషకాహారలోపంతో బరువు తక్కువగా పుట్టిన శిశువుకు నెఫ్రాన్ల సంఖ్య కూడా తక్కువగా ఉండవచ్చునని, అటువంటివారికి పెద్దయ్యాక రక్తపోటు, మూత్రపిండవ్యాధుల ముప్పు ఎక్కువని 1988లో బ్రెన్నర్ బృందం ప్రతిపాదించింది. ఇది పుట్టుకతో వచ్చిన బలహీనతే గాని జన్యువుతో వచ్చినది కాదు. పుట్టుకతో వచ్చినదంతా జన్యుపరమైనదే అనుకోవడం పొరపాటని ఈ ఉదాహరణ చెబుతుంది.

4.2. క్లోతో జన్యువు:

వార్ధక్యానికీ మూత్రపిండానికీ ఉన్న బంధాన్ని 1997లో జపాన్ శాస్త్రజ్ఞుడు మకొతో కురో-ఓ బృందం అనుకోకుండా బయటపెట్టింది. ఒక జన్యువు దెబ్బతిన్న ఎలుకలు మూడు నాలుగు వారాలు మామూలుగా పెరిగి, ఆ తరువాత త్వరత్వరగా ముసలివయ్యాయి. రక్తనాళాలు గట్టిపడటం, ఎముకలు, చర్మం క్షీణించడం వాటిలో కనిపించాయి. రెండు నెలలు తిరిగేసరికి చాలావరకు చనిపోయాయి. మనిషి జీవితపు దారం వడికే గ్రీకు దేవత పేరుమీద ఆ జన్యువుకు ‘క్లోతో’ అని పేరుపెట్టారు. 2005లో ఇదే జన్యువు అధికంగా పనిచేసేలా మార్చిన ఎలుకలు దాదాపు 20 నుంచి 30 శాతం ఎక్కువకాలం జీవించాయి.

ఈ జన్యువు ప్రధానంగా పనిచేసేది మూత్రపిండంలో. రక్తంలోని ఫాస్ఫేటును మూత్రం ద్వారా బయటికి పంపడానికి అది సహకరిస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు క్లోతో ఉత్పత్తి తగ్గుతుంది. దానితో ఫాస్ఫేటు సమతుల్యత చెడి, రక్తనాళాలు గట్టిపడతాయి. డయాలసిస్ మీద ఉన్న నలభై ఏళ్ల మనిషి రక్తనాళాలు వృద్ధుని రక్తనాళాలను పోలి ఉండటానికి ఇదొక కారణం. ఆ మేరకు ఉద్దానం వ్యాధి ఒక అవయవానికి వచ్చిన జబ్బు మాత్రమే కాదు, అకాలవార్ధక్యం కూడా.

ఇందులో గమనించవలసిన అంశం మరొకటి ఉంది. క్లోతో జన్యువు దెబ్బతిన్న ఎలుకలకు ఫాస్ఫరస్ తగ్గించిన ఆహారం ఇచ్చినప్పుడు వార్ధక్యలక్షణాలు గణనీయంగా తగ్గాయని 2001లో తెలిసింది. జన్యులోపం అలాగే ఉంది. మారినది ఆహారం మాత్రమే. తీవ్రమైన జన్యులోపం ఫలితాన్ని కూడా పరిసరాలు మార్చగలవని ఈ ప్రయోగం నిరూపించింది.

5. ఉద్దానం వ్యాధి స్వరూపం:

ఆంధ్ర వైద్యకళాశాలకు చెందిన నిపుణుల బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం ఉద్దానంలో పరీక్షించిన పెద్దవారిలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి ఉన్నట్లు తెలిపింది. 2020లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ప్రచురించిన మరొక అధ్యయనంలో ఇది సుమారు 21 శాతంగా తేలింది. అంటే పెద్దవారిలో ఐదుగురికి ఒకరు.

ఈ వ్యాధి ప్రధానంగా నెఫ్రాన్లలోని సన్నని నాళికలనూ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. మూత్రంలో ప్రోటీన్ ఎక్కువగా పోదు, తొలిదశలో ఒళ్లు వాచదు. అందువల్ల సీరం క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటే తప్ప చాలామందికి వ్యాధి సంగతి తెలియదు. ఇటువంటి వ్యాధినే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరిరైతుల్లోనూ, ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల చెరకుకూలీల్లోనూ గుర్తించారు. ఉష్ణమండలంలో, ఎండలో శ్రమించే గ్రామీణ శ్రామికుల్లో ఎక్కువగా కనిపించడం వీటన్నిటి ఉమ్మడి లక్షణం. శరీరంలో నీరు తగ్గడం, భూగర్భజలంలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రల వాడకం వంటి పలుకారణాలను పరిశోధకులు అనుమానించారు. వీటిలో ఏ ఒక్కటీ ఏకైక కారణంగా రుజువు కాలేదు.

6. కుటుంబంలో పునరావృతం జన్యుసాక్ష్యమేనా?

6.1. ఇల్లు పంచుకునేవి:

ఒకే కుటుంబంలో పలువురికి వ్యాధి రావడం జన్యుకారణానికి ఒక సూచన మాత్రమే, రుజువు కాదు. తండ్రీకొడుకులు జన్యువులతోపాటు బావినీ, పొలాన్నీ, వంటనూ, వృత్తినీ కూడా పంచుకుంటారు. కొబ్బరితోటలో తండ్రి చేసిన పనే కొడుకూ చేస్తాడు. పేదరికం, తల్లి పోషకాహారలోపం, పిల్లల జననబరువు సైతం తరతరాలుగా కొనసాగుతాయి. ఇవన్నీ వంశవృక్షంలో జన్యువును పోలిన ఆనవాళ్లనే మిగులుస్తాయి.

6.2. కాలం ఇచ్చే సాక్ష్యం:

జనాభాలో జన్యువుల నిష్పత్తి గణనీయంగా మారడానికి అనేక తరాలు పడుతుంది. ఉద్దానం వ్యాధి విస్తృతంగా గుర్తింపు పొందినది గత మూడు దశాబ్దాల్లోనే. అంతకుముందు పరీక్షలు లేక కొన్ని మరణాలు లెక్కకు రాకపోయి ఉండవచ్చు. అయినా తాతల కాలంలో లేనంత విస్తృతిలో వ్యాధి మనుమల కాలంలో పెరిగి ఉంటే, ఆ పెరుగుదలకు జన్యువులు కారణం కాజాలవు. ఇదే తర్కం ఆయుర్దాయం పెరుగుదలకూ వర్తిస్తుంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి సుమారు 32 ఏళ్లుగా ఉన్న భారతీయుల సగటు ఆయుర్దాయం నేడు 70 ఏళ్లకు చేరింది. ఈ మార్పు టీకాలు, ఆహారం, మందులు తెచ్చినదే గాని కొత్త జన్యువులు తెచ్చినది కాదు.

6.3. సమాజనిర్మాణం ఇచ్చే సాక్ష్యం:

భారతీయ సమాజంలో కులాంతర వివాహాలు శతాబ్దాలుగా అరుదు. అందువల్ల ఒక్కొక్క సమూహంలో కొన్ని అరుదైన జన్యులోపాలు గుమిగూడే అవకాశం ఉంది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు కుమారసామి తంగరాజ్ తదితరులు 2017లో ప్రచురించిన పరిశోధన దీనిని నిరూపించింది. దక్షిణాసియాలో వారు పరిశీలించిన 263 సమూహాల్లో 81 సమూహాల్లో ఈ ప్రభావం ఫిన్లాండు ప్రజల్లో, అష్కెనాజీ యూదుల్లో ఉన్నదానికంటే బలంగా కనిపించింది. వైశ్యుల్లో మత్తుమందుకు సంబంధించిన ఒక ఎంజైము లోపం ఎక్కువగా ఉండటం ఇందుకు తెలిసిన ఉదాహరణ.

ఉద్దానం వ్యాధికి మూలం అటువంటి అరుదైన లోపమే అయితే అది ప్రధానంగా ఏదో ఒక సామాజికవర్గానికి పరిమితమై ఉండాలి. ఆ వర్గంవారు ఇతర జిల్లాల్లో ఉన్నా అక్కడా అది కనిపించాలి. కాని ఈ వ్యాధి అనేక సామాజికవర్గాలకు చెందినవారిలో కనిపిస్తోంది. వ్యాధి హద్దులు కులపు హద్దులకంటే భూగోళపు హద్దులను ఎక్కువగా అనుసరిస్తున్నాయి. ఇది ఒకే ఒక్క వంశలోపం అన్న వాదాన్ని బలహీనపరుస్తుంది.

7. వ్యాధిగ్రహణశీలత: జన్యువుల నిజమైన పాత్ర

అలాగని జన్యువులకు ఇక్కడ పాత్రే లేదనడం కూడా సరికాదు. ఒకే బావినీరు తాగి, ఒకే పొలంలో పనిచేసిన ఐదుగురిలో ఒకరికే వ్యాధి ఎందుకు వస్తుందన్న ప్రశ్న మిగిలే ఉంది. ఈ విషయంలో ఇతర ప్రాంతాల అనుభవాలు మూడు ఉపకరిస్తాయి.

మొదటిది అపో-ఎల్-1 జన్యువు. నిద్రరోగాన్ని కలిగించే పరాన్నజీవి నుంచి రక్షణ ఇచ్చే ఈ జన్యువు రూపాంతరాలు పశ్చిమ ఆఫ్రికా సంతతివారిలో విస్తరించాయి. అవే రూపాంతరాలు రెండు ప్రతుల్లోనూ ఉన్నప్పుడు మూత్రపిండవ్యాధి ముప్పు బాగా పెరుగుతుందని 2010లో తేలింది. అయితే ఆ రెండు ప్రతులూ ఉన్నవారిలో అత్యధికులకు మూత్రపిండాలు విఫలం కావు. హెచ్.ఐ.వి. వంటి మరొక దెబ్బ తోడైనప్పుడు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

రెండవది యూమాడ్ జన్యువు. ఇందులోని ఒక సాధారణ రూపాంతరం మూత్రపిండవ్యాధి ముప్పును పెంచుతుందని, వయస్సు పెరిగేకొద్దీ ఆ ప్రభావం హెచ్చుతుందని, అదే సమయంలో అది మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడకుండా కాపాడుతుందని ఐస్లాండులో 2010లో జరిగిన అధ్యయనం తెలిపింది. ఒక మేలు, ఒక కీడు కలిసిన ఈ స్వభావం విలియమ్స్ సిద్ధాంతానికి అనుగుణంగా ఉంది.

మూడవది ఉద్దానానికి అతిదగ్గరి ఉదాహరణ. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రోగుల్లో ఎస్.ఎల్.సి.13.ఎ.3 అనే జన్యువు రూపాంతరానికీ వ్యాధికీ సంబంధం ఉన్నట్లు 2014లో ఒక అధ్యయనం పేర్కొంది. నాళికల కణాల్లో కొన్ని పదార్థాల రవాణాకు తోడ్పడే జన్యువు ఇది. ఆ రూపాంతరం వ్యాధిలేనివారిలో కూడా ఉంది. అంటే అది ముప్పును పెంచే అంశమే గాని, దానంతటదే వ్యాధి కలిగించే లోపం కాదు. ఒక్క అధ్యయనాన్ని తుదితీర్పుగా భావించకూడదు గాని, ఉద్దానంలో ఎటువంటి జన్యువులను పరిశీలించాలో ఇది సూచిస్తుంది.

ఈ మూడింటి సారాంశం ఒక్కటే. జన్యువు తలుపుకు గొళ్లెం బలహీనంగా ఉందో గట్టిగా ఉందో చెబుతుంది. తలుపు తోసే గాలి బయటినుంచే రావాలి.

8. ఉద్దానంలో జన్యుపరిశోధనకు అనువైన మార్గాలు:

ఉద్దానం లోపలి రోగులను, ఉద్దానం లోపలి ఆరోగ్యవంతులతో మాత్రమే పోల్చితే రోజ్ హెచ్చరించిన పొరపాటు జరుగుతుంది. అందరికీ సమానమైన కారణం మరుగునపడి జన్యువులే ప్రధానంగా కనిపిస్తాయి. దీనిని నివారించగల మార్గాలు ఈ ప్రాంతపు సామాజిక జీవనంలోనే ఉన్నాయి.

8.1. దంపతుల పరిశీలన: భార్యాభర్తలు పరిసరాలను పంచుకుంటారు, సాధారణంగా జన్యువులను పంచుకోరు. అన్నదమ్ముల మధ్య పోలికను దంపతుల మధ్య పోలికతో కలిపి చూస్తే రెండు ప్రభావాలనూ కొంతవరకు వేరుచేయవచ్చు. అయితే తెలుగునాట మేనమామనో మేనబావనో పెళ్లాడే ఆచారం ఉంది. మేనరికపు దంపతులు జన్యువులను కూడా కొంత పంచుకుంటారు. కాబట్టి వారిని విడిగా లెక్కించాలి. స్త్రీపురుషుల వృత్తిభేదాన్ని కూడా దృష్టిలో ఉంచుకోవాలి.

8.2. కోడళ్లు, ఆడపడుచులు: ఉద్దానానికి బయటినుంచి వచ్చిన కోడళ్లకూ, ఉద్దానం నుంచి బయటి ఊళ్లకు వెళ్లిన ఆడపడుచులకూ మధ్య పోలిక మరింత విలువైనది. మొదటివారికి బయటి జన్యువులు, ఉద్దానపు పరిసరాలు. రెండవవారికి ఉద్దానపు జన్యువులు, బయటి పరిసరాలు. బాల్యంలో తాగిన నీటి ప్రభావం మిగిలి ఉండవచ్చు గనుక పెళ్లినాటి వయస్సునూ నమోదు చేయాలి.

8.3. వలసవెళ్లినవారు: ఉపాధికోసం ఈ ప్రాంతంవారు విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై, ముంబయిలకు వెళుతుంటారు. శ్రీకాకుళం తీరపు మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వరకు వెళతారు. జపాన్‌లోనూ, హవాయిలోనూ, కాలిఫోర్నియాలోనూ స్థిరపడిన జపాన్ సంతతివారిని పోల్చిన ప్రసిద్ధ అధ్యయనంలో, జన్యువులు ఒకటే అయినా గుండెజబ్బు జపాన్‌లో అతితక్కువగా, కాలిఫోర్నియాలో అత్యధికంగా కనిపించింది. ఉద్దానం వలసదారులపై అటువంటి పరిశీలన ఎంతో తేల్చగలదు.

8.4. జీవసంబంధ వయస్సు: 2013లో స్టీవ్ హోర్వత్ రూపొందించిన విధానం డి.ఎన్.ఎ. మీది 353 స్థానాల్లో జరిగే రసాయనిక మార్పుల ఆధారంగా కణాల వయస్సును అంచనా వేస్తుంది. జన్యుక్రమం మారకపోయినా శ్రమ, పోషణ, కాలుష్యం వంటివి ఈ గుర్తులను ప్రభావితం చేయగలవు. క్రియాటినిన్ పెరగకముందే ఉద్దానం యువకుల్లో వార్ధక్యం త్వరపడుతోందా అన్నది ఇటువంటి కొలతలతో పరిశీలించవచ్చు. పదివేలమంది భారతీయుల జన్యుక్రమాలను సేకరించిన జీనోమ్ ఇండియా సమాచారం ఇందుకు పోలికగా ఉపకరిస్తుంది.

9. సామాజిక పర్యవసానాలు:

ఒక వ్యాధిని వంశానికి ఆపాదించడం శాస్త్రీయమైన పొరపాటుతో ఆగదు. రోగి కుటుంబంపై అది అపవాదుగా మారుతుంది, పిల్లల పెళ్లిళ్లకు అడ్డువస్తుంది. పరీక్ష చేయించుకుంటే విషయం ఊరికి తెలుస్తుందన్న భయంతో కొందరు పరీక్షకే దూరమయ్యే ప్రమాదం ఉంది. తొలిదశలో లక్షణాలు కనిపించని వ్యాధికి ఇది మరింత ప్రమాదకరం. అందువల్ల జన్యుపరీక్షల ఫలితాల గోప్యత, పరీక్షకు ముందూ తరువాతా కౌన్సెలింగ్, తెలిసి ఇచ్చిన అంగీకారం అన్నవి పరిశోధనలో తప్పనిసరి భాగాలు. భారతీయ వైద్యపరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాలు కూడా వీటికి ప్రాధాన్యమిచ్చాయి.

వంశమే కారణమన్న వాదం మరొక నష్టం కూడా చేస్తుంది. నీరు, పని పరిస్థితులు, పోషకాహారం మెరుగుపరచవలసిన బాధ్యతనుంచి సమాజాన్ని అది తప్పిస్తుంది. వంశధార నదిపై హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి ఉపరితలజలాన్ని అందించే పథకం, 200 పడకల ఆసుపత్రితో కూడిన పలాస కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. భూగర్భజలం స్థానంలో నదీజలం రావడం ఒకవిధంగా సహజప్రయోగం కూడా. మనుషుల జన్యువులు మారవు, నీరు మారుతుంది. రానున్న దశాబ్దంలో కొత్తకేసులు తగ్గుతాయా, లేదా అన్నది నీటి పాత్ర గురించి బలమైన సాక్ష్యం కాగలదు. అందుకోసం గ్రామాలవారీగా, వయస్సువారీగా క్రమబద్ధమైన నమోదు ఇప్పటినుంచే సాగాలి.

10. ముగింపు:

పై పరిశీలన నుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

• ఆయుర్దాయంలో జన్యువుల వాటా స్థిరమైన సంఖ్య కాదు. జనాభానుబట్టి, కాలాన్నిబట్టి, పరిసరాలనుబట్టి అది మారుతుంది.

• మూత్రపిండం క్షీణించడం వార్ధక్యాన్ని వేగవంతం చేస్తుంది. క్లోతో జన్యువుపై జరిగిన ప్రయోగాలు ఈ సంబంధాన్ని చూపడమే కాక, జన్యులోపపు ఫలితాన్ని ఆహారంతో మార్చవచ్చునని కూడా నిరూపించాయి.

• ఉద్దానంలో ఒకే కుటుంబంలో పలువురికి వ్యాధి రావడం జన్యుకారణానికి రుజువు కాదు. వ్యాధి విస్తరించిన కాలం, అది పలు సామాజికవర్గాల్లో కనిపించడం, భూగోళపు హద్దులను అనుసరించడం పరిసరాల ప్రాధాన్యాన్ని సూచిస్తున్నాయి.

• ఒకే పరిసరాల్లో కొందరికే వ్యాధి రావడంలో జన్యువుల పాత్ర ఉండవచ్చు. దానిని గుర్తించడం ముందుజాగ్రత్తకు, చికిత్సకు ఉపకరిస్తుంది. అది వ్యాధిమూలాన్ని వివరించినట్లు మాత్రం కాదు.

• మేనరికం, ఆడపడుచుల వివాహాలు, వలసలు వంటి స్థానిక సామాజికాంశాలను లెక్కలోకి తీసుకున్నప్పుడే ఉద్దానంలో జన్యుపరిశోధన సరైన దారిలో సాగుతుంది. ఇందులో వైద్యులతోపాటు సామాజికశాస్త్ర పరిశోధకుల భాగస్వామ్యం అవసరం.

వంశాన్ని ఎవరూ ఎన్నుకోలేరు. నీటిని, పనివేళలను, గర్భిణి ఆహారాన్ని సమాజం మార్చగలదు. ఉద్దానం బిడ్డల ఆయుర్దాయం ప్రధానంగా ఈ మార్చగలిగిన అంశాలమీదే ఆధారపడి ఉందని ఇప్పటివరకు లభించిన సాక్ష్యం చెబుతోంది.